ఇత్తడి పేర్లు

“తాళంచెవులు బల్ల మీద పెట్టు,” అన్నాడు సంఘ కార్యదర్శి, మూడోసారి.

గంటమ్మ పెట్టలేదు. ఆ గుత్తి ఇరవై రెండేళ్లుగా ఆమె నడుముకు కట్టుకున్న తాడుకే వేలాడుతోంది. ముడి విప్పి ఎన్నాళ్లయిందో ఆమె వేళ్లకే గుర్తు లేదు. ఊడుస్తున్నదల్లా పిలిస్తే వచ్చి నిలబడింది కాబట్టి చీపురు ఇంకా చంకలోనే ఉంది. ఆ చర్చిలో గంట కొట్టేదీ, నేల తుడిచేదీ, గోపురం కింది చిన్న గదిలో కాపురముండేదీ ఆమే. అసలు పేరు సంఘం రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరూ వెతకలేదు.

“నేను తియ్యలేదు బాబూ.”

“మరి పలకలకు రెక్కలొచ్చాయా? పన్నెండు ఇత్తడి పలకలు! నిన్న సాయంత్రం నా కళ్లతో చూశాను. పొద్దున్న తలుపు తీసింది నువ్వు. గుత్తులు మూడే ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి అయ్యగారిది, ఇంకోటి నీది.”

“మూడున్నప్పుడు మూడోదాని దగ్గరే ఆగారేం బాబూ?”

వెనక నిలబడ్డ సంఘ పెద్దల్లో ఒకాయన నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. కార్యదర్శి ముఖం ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే వడ్రంగి లోపలికి వచ్చాడు. ‘మేస్త్రీ, నీ కుర్చీలకు దొంగలు పడ్డారు, పరుగెత్తుకు రా’ అని ఫోన్ వస్తే ముఖం కూడా కడుక్కోకుండా పనిసంచి భుజాన వేసుకుని వచ్చాడు. వేదిక మీద వరసగా తను చేసిన కుర్చీలు. పాలిష్ వాసన ఇంకా పోలేదు. ఏ కుర్చీకీ పలక లేదు.

ఏడాదికొక ఆదివారం ఈ చర్చిలో పాస్టరు నడుముకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పన్నెండు మంది పాదాలు కడుగుతాడు. ప్రభువు తన శిష్యులకు కడిగినట్టు. ఎవరి పాదాలన్నది మట్టికుండలోంచి చీటీలు తీసి తేల్చేవారు. కిందటేడు చీటీ వచ్చినవాళ్లలో చేపలమ్మే ఆవిడ ఉంది, బడి హెడ్మాస్టరు ఉన్నాడు, జైలునుంచి వచ్చి నెల తిరగని మనిషి కూడా ఉన్నాడు. అందరూ ఒకే ఎత్తు ముక్కాలి పీటల మీద కూర్చున్నారు.

ఈ ఏడు కుండ లేదు. పీటలు కొట్టుగదిలోకి పోయాయి. సంఘాన్ని పెద్దది చేస్తానని ఎక్కడో మహానగరంనుంచి ఒక సలహాదారు దిగాడు. ఎంత ఉక్కపోసినా కోటు విప్పడు కాబట్టి అందరూ కోటుసారు అంటారు. “దీవెన పైనుంచి కిందికి దిగుతుంది. కాబట్టి పైనున్నవాళ్లను ముందు గౌరవించండి” అన్నది ఆయన సూత్రం. కొత్త దీపాలకూ, గోడంత తెరకూ ఎక్కువ కానుక ఇచ్చిన పన్నెండు కుటుంబాలకు పన్నెండు మెత్తటి కుర్చీలు. ప్రతి కుర్చీకీ ఇత్తడి పలక మీద ఆ ఇంటిపేరు. పలక ఎక్కడుండాలో కూడా కోటుసారే చెప్పాడు. కూర్చునే చెక్క కింద, ముందువైపు అడ్డకర్ర మీద. “పాదం, పేరు ఒకే ఫ్రేములో పడాలి మేస్త్రీ.”

ఇప్పుడాయన ఫోన్ పట్టుకుని కుర్చీల చుట్టూ తిరుగుతున్నాడు. “ఎవరూ ముట్టుకోకండి, ముందు వీడియో తియ్యాలి. దీవెన గుమ్మం దాకా వచ్చినప్పుడే శత్రువు కిటికీలోంచి దూరతాడు. చూడండి, నలుగురికీ చెప్పుకోవడానికి ఇది మనకు మంచి సాక్ష్యం అవుతుంది!”

“దొంగతనం కూడా మంచికేనా సారూ?” అంది గంటమ్మ.

“నువ్వు నోరు ముయ్యి,” అన్నాడు కార్యదర్శి. “అయ్యగారూ, మీరు చెప్పండి. ఏం చేద్దాం?”

పాస్టరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై దాటని మనిషి. మామూలుగా ఎవరి కష్టం విన్నా నాలుగడుగులు ముందుకు వేసేవాడు. ఈ రోజు కిటికీ చువ్వ వదల్లేదు.

“ఆదివారం దాకా ఆగుదాం,” అన్నాడు.

“సరే. ఆదివారం ఆరాధన అయ్యేలోపు పలకలు వచ్చాయా సరి. లేదంటే మధ్యాహ్నానికల్లా గది ఖాళీ.”

వడ్రంగి ఇదంతా సగం చెవితోనే విన్నాడు. అతను మొదటి కుర్చీ ముందు మోకాలు ఆన్చి అడ్డకర్ర వంక చూస్తున్నాడు. పలక పోయింది కానీ దాని స్క్రూలు పోలేదు. రెండూ ఎవరి కన్నాల్లో అవి తిరిగి బిగించి ఉన్నాయి. రెండో కుర్చీ చూశాడు. మూడోది చూశాడు. పన్నెండోది చూశాక మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు.

“ఏమన్నా తెలిసిందా మేస్త్రీ?” అన్నాడు కార్యదర్శి.

“ఇత్తడి కోసం తీసినవాడైతే స్క్రూలు వదలడు,” అన్నాడు వడ్రంగి. మిగతాది చెప్పకుండా సంచి ఎత్తుకున్నాడు.

*

“నువ్వు తీశావా?”

వడ్రంగి భార్య పాలిష్ గుడ్డ చేతిలోనే పట్టుకుని మొగుడి వంక ఎగాదిగా చూసింది. కొట్టులో బీరువా తలుపులకు పాలిష్ పట్టేది ఆమే. తెగని బేరాలను తెగ్గొట్టేది కూడా ఆమే.

“నేనైతే పేర్లు తీసి ఊరుకుంటానా? కుర్చీలు తీసుకెళ్లి పొయ్యిలో పెట్టేదాన్ని. ఆ పని ఒప్పుకోవద్దని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ప్రభువూ వడ్రంగేగా. ఆయన చేసిన కుర్చీ మీద ఎవరి పేరుందో ఎవరికైనా తెలుసా?”

“అది కాదే. ఇలా చూడు.”

ఒక చెక్కముక్క మీద రేకు పెట్టి రెండు స్క్రూలు దించాడు. చివర్లో చేతిని చిన్నగా సవరించి ప్రతి స్క్రూ తల మీది గాడినీ నిలువుగా ఆపాడు. గాళ్లు అడ్డదిడ్డంగా ఉంటే పని సగమే అయినట్టని అతని నమ్మకం. బయట ఏ వడ్రంగీ పట్టించుకోడు. చూసేవాడూ ఉండడు.

“ఇప్పుడు రేకు తీశాననుకో.” తీశాడు. “అదే స్క్రూ మళ్లీ దించితే, రేకు మందం లేదు కాబట్టి ఇంకాస్త లోపలికి పోతుంది. గాడి ఎటు తిరిగి ఆగుతుందో చెప్పలేం. అవునా?”

“అవును.”

“అక్కడ ఇరవై నాలుగు స్క్రూలు నిలువుగా ఆగాయి. ఒక్కటి వంకర లేదు.”

భార్య గుడ్డ కింద పెట్టింది. “ఆ పిచ్చి నీకుంది. నీతో కాపురం చేసిన పాపానికి నాకు పట్టుకుంది.”

“ఇంకొకడికి కూడా నేర్పాను.”

వేదాంతం చదవడానికి వెళ్లకముందు పాస్టరు రెండేళ్లు ఈ బల్ల దగ్గరే చిత్రిక పట్టాడు. ఇప్పటికీ వడ్రంగి భార్యను ‘అక్కా’ అనే పిలుస్తాడు.

“అబ్బాయా?” అంది చివరికి. “పొద్దున్న ఏమన్నాడు?”

“ఆదివారం దాకా ఆగుదాం అన్నాడు.”

“తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడన్నమాట. ఎందుకాగడం? ఆవిడ సామాను సర్దుకోవడానికా?”

“రుజువు లేకుండా నోరు జారకూడదు.”

“గాడి నిలువుగా ఉంటే రుజువు కాదూ?”

“అది నాకూ నీకూ రుజువు. కార్యదర్శి దగ్గరికి పోయి ఇది చెబితే, అయితే దొంగవి నువ్వే అంటాడు.”

మర్నాడు పొద్దున కోటుసారు స్వయంగా కొట్టుకు వచ్చాడు. కొత్త పలకలు తెచ్చాడు, పాతవాటికంటే రెండు వేళ్లు వెడల్పు. శనివారానికల్లా బిగించాలి. వెళ్తూ వెళ్తూ రంపం పక్కన నిలబడి తన ఫొటో ఒకటి తీసుకున్నాడు.

“ఒప్పుకున్నావా?” భార్య లోపల్నుంచి అరిచింది.

“ఒప్పుకున్నాను.”

“సిగ్గు లేదూ?”

“ఉంది. కానీ పలక బిగించేటప్పుడు రెండో మనిషి పట్టుకోవాలి. ఎవరొస్తారో చూడాలని ఉంది.”

*

అనుకున్నట్టే వచ్చాడు.

శనివారం పది గంటలకు చర్చిలో నిచ్చెనలెక్కి ఇద్దరు కుర్రవాళ్లు దీపాలు కడుతున్నారు. వడ్రంగి నేలమీద వెల్లకిలా పడుకుని ఆరో కుర్చీ కిందినుంచి చూస్తుంటే పక్కన చెప్పుల్లేని పాదాలు కనిపించాయి. పాస్టరు ఏమీ అనకుండా కూర్చున్నాడు. పలక అంచు పట్టుకున్నాడు. రెండో చేతిలోకి స్క్రూలు పోసుకుని, అడక్కముందే ఒక్కొక్కటి అందిస్తున్నాడు. పదిహేనేళ్లు గడిచినా ఆ చెయ్యి పని మరిచిపోలేదు. స్క్రూ తల తనవైపు, మొన వడ్రంగి వైపు.

“పాత రోజులు గుర్తొస్తున్నాయి మేస్త్రి గారూ.”

“నాకూ అవే.”

పైన ఒక దీపం వెలిగింది, కళ్లు చెదిరేలా. పాస్టరు తల ఎత్తి చూశాడు.

“అసలు ఈ చర్చిలో బయటినుంచి రానిదేముందండీ? ఇంత ఎత్తు పైకప్పు రాజుల సభల్లోంచి వచ్చింది. నా పొడుగు అంగీ ఒకప్పుడు అధికారులు తొడుక్కున్నదే. మేం చెప్పే పెద్దపెద్ద మాటలు సగం తత్త్వవేత్తలవి. ప్రభువు ఏదీ కాదనలేదు. అన్నిటినీ రానిచ్చాడు, అన్నిటినీ మోశాడు. అంత మోసినవాడికి కోటుసారు ఒక బరువా అనుకున్నాను.”

“మరి బరువైందా?”

“మిగతావన్నీ లోపలికొచ్చి నిలబడ్డాయి మేస్త్రి గారూ. ఇది లోపలికొచ్చి కూర్చుంది.”

వడ్రంగి పదకొండో కుర్చీ దగ్గరికి జరిగాడు. ఎడమ స్క్రూ దించి నిలువుగా ఆపాడు. కుడి స్క్రూ దించాడు. గాడి ఓరగా ఉండగానే స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. గుడ్డ తీసి తీరిగ్గా చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

పాస్టరు మాట్లాడుతూనే ఉన్నాడు. కోటుసారు తనతో మొన్న రిహార్సల్ చేయించిన సంగతి, ఎక్కడ మోకరించాలో నేలమీద టేపు అతికించిన సంగతి. మాట్లాడుతూ మాట్లాడుతూ అతని చూపు స్క్రూ మీద పడింది. మాట ఒక క్షణం తడబడింది. మళ్లీ అందుకున్నాడు. మళ్లీ అటే చూశాడు. ఇక ఉండబట్టలేక స్క్రూడ్రైవర్ తీసుకుని, పావు చుట్టు తిప్పి, గాడిని నిలువుగా నిలిపాడు.

తల తిప్పేసరికి వడ్రంగి చేతులు తుడుచుకోవడం ఆపి తన వంకే చూస్తున్నాడు.

నిచ్చెన మీది కుర్రవాళ్లు ఏదో సినిమా పాట కూనిరాగం తీస్తున్నారు. పాస్టరు స్క్రూడ్రైవర్ని మెల్లిగా నేలమీద పెట్టాడు.

“ఎందుకు అబ్బాయ్?” అన్నాడు వడ్రంగి గొంతు తగ్గించి.

“రిహార్సల్లో ఈ టేపు మీదే మోకరించాను. తల వంచాను. పీటల ముందు వంచితే కళ్లెదుట పాదం ఉండేది. పగుళ్లో, బురదో, ఏదో ఒకటి, మనిషిది. మొన్న కళ్లెదుట పేరుంది. నేను మొక్కుతున్నది దానికి. ఆ సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఉండి తీసేశాను.”

“తీసినందుకు నేనేమీ అనను. మర్నాడు పొద్దున్న ఆవిణ్ణి నిలబెట్టినప్పుడు నోరెందుకు లేవలేదు?”

పాస్టరు పన్నెండో పలక తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కార్యదర్శి ఇచ్చిన ఇంట్లోనే అతని కాపురం. సంఘం రెండుగా చీలితే ఆ చీలిక మొదట తన గుమ్మంలోనే పడుతుంది.

“రేపు ఆరాధన అయ్యాక చెబుతాను,” అన్నాడు.

“అయ్యాకా? అప్పటికి ఆవిడ పెట్టె వీధిలో ఉంటుంది.”

వడ్రంగి సంచి సర్దుకుని లేచాడు. పన్నెండో పలక పాస్టరు ఒళ్లోనే ఉండిపోయింది. కొంచెం దూరం పోయాక వెనక్కి చూస్తే అతను దాన్ని ఒంటరిగా బిగిస్తున్నాడు, గాడి నిలువుగా ఆగేదాకా.

*

గోపురం కింది గదిలో మంచం, ట్రంకుపెట్టె, గోడకు ఒక అద్దం ముక్క. పైకప్పు కన్నంలోంచి గంట తాడు దిగి గది మధ్యలో వేలాడుతోంది. చెయ్యి పట్టే చోట తాడు అరిగిపోతే దానికి పాతగుడ్డ చుట్టి దారంతో కుట్టింది. గంటమ్మ ఆ కుట్టు ఇంకోసారి గట్టి చేస్తోంది.

“రేపు పొమ్మంటున్నారు, ఇంకా తాడు కుడుతున్నావా అమ్మా?”

“నా తరవాత వచ్చేవాళ్లకి చేతులుండవా నాయనా?”

వడ్రంగి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. “నీకొక సంగతి చెప్పాలి. దొంగ ఎవరో దొరికాడు.”

“నాకు తెలుసులే.”

అతను తల ఎత్తాడు.

“ఆ సాయంత్రం గంట కొట్టడానికి ముందే చర్చి మెట్ల మీద ఉన్నాను. ఏడుస్తూ తీశాడు నాయనా. ఒక్కో పేరు తీయడం, గట్టిగా ముక్కు చీదుకోవడం. దొంగనైతే పట్టివ్వచ్చు. ఏడ్చే దొంగని పట్టివ్వడం నాకు చేతకాలేదు.”

“మొన్న నిన్ను అన్ని మాటలన్నారు. ఒక్కమాట చెప్పి ఉంటే అయిపోయేది!”

“నేను చెబితే చాడీ అవుతుంది. ఆయన చెబితే మారుమనస్సు అవుతుంది.” దారం పళ్లతో తెంపింది. “నువ్వూ చెప్పకు. ఒట్టు.”

“ఆయన చెప్పకపోతే?”

“చెప్పకపోతే నా గది పోతుంది. చెబితే ఆయన ఇల్లు పోతుంది. నాదైతే ఒక్క పెట్టె, ఒంటిచేత్తో మోసుకుపోతాను. ఆయనకి పిల్లలున్నారు, బీరువా ఉంది, పుస్తకాలే నాలుగు బళ్లుంటాయి. ఎవరికి కష్టమో నువ్వే చెప్పు.”

ఇన్నేళ్లలో ఆ గంట మోత వింటూ కొట్టు తెరిచాడే గానీ, దాని తాడు అవతల ఎవరున్నారో వడ్రంగి ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రసంగాలు చాలా విన్నాడు. తెర మీద ప్రపంచం చుట్టి వచ్చినవాళ్లవి కూడా విన్నాడు. వాటిలో ఏదీ ఈ గుమ్మంలో విన్నంత చిన్నదీ కాదు, ఇంత లోతుకు దిగిందీ లేదు.

“అమ్మా, నీకు కోపం రాదా?”

“ఎందుకు రాదూ? కార్యదర్శి చెప్పులు తుడవడం మానేశానుగా,” అని నవ్వింది.

*

ఆదివారం చర్చి కిక్కిరిసింది. గోడంత తెర మీద వేదిక రెండింతలై కనిపిస్తోంది. పన్నెండు కుర్చీల్లో పన్నెండు మంది, కొత్త బట్టల్లో, పంట్లాములు మడిచి, ముందే శుభ్రంగా తోముకున్న పాదాలతో. మొదటి కుర్చీలో కార్యదర్శి. గంటమ్మ చిట్టచివర తలుపు దగ్గర నిలబడింది. పక్కన ట్రంకుపెట్టె.

వడ్రంగి ఆ పెట్టె వంకే చూస్తున్నాడు. ఒట్టు ఒకపక్క, పెట్టె ఒకపక్క. ‘మొదటి కుర్చీ అయ్యేదాకా చూస్తాను, ఆ తరవాత లేస్తాను’ అని భార్య చెవిలో అన్నాడు. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

కార్యదర్శి మైకు తీసుకున్నాడు. “ఆరాధనకు ముందు ఒక్క మాట. మన చర్చిలో జరిగిన దొంగతనం మీ అందరికీ తెలుసు. ఆ మనిషికి మూడు రోజులు గడువిచ్చాం. ఈ క్షణం దాకా ఒప్పుకోలేదు. గంటమ్మా, ఇప్పుడైనా సంఘం ముందు చెబుతావా?”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. కెమెరా కూడా తిరిగింది. తెర మీద గంటమ్మ ముఖం గోడంతైంది. ఆమె కళ్లు చిట్లించి తనను తానే చూసుకుంది.

“చూశారుగా,” అన్నాడు కార్యదర్శి. “కానివ్వండి అయ్యగారూ.”

పాస్టరు తువ్వాలు చుట్టుకుని పళ్లెంతో వచ్చాడు. టేపు అతికించిన చోట మోకరించాడు. కోటుసారు తల కొంచెం పక్కకు తిప్పమని సైగ చేస్తున్నాడు. కార్యదర్శి పాదం ముందుకు చాపాడు. పాస్టరు తల వంచాడు. అలాగే ఉండిపోయాడు, చూసేవాళ్లకు మెడ నొప్పి పుట్టేంతసేపు.

వడ్రంగి సగం లేచాడు. భార్య అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. “ఆగు. అబ్బాయి లేస్తున్నాడు.”

పాస్టరు లేచాడు. పళ్లెం ఎత్తుకుని వేదిక దిగాడు. నీళ్లు తొణికి తివాచీ మీద పడుతున్నాయి. కోటుసారు “అటు కాదు, అటు కాదు” అంటూ రెండడుగులు వెంటపడి ఆగిపోయాడు. కెమెరావాడికి ఏం చెయ్యాలో తోచక వెనకే నడిచాడు. బెంచీల మధ్యనుంచి చివరిదాకా వెళ్లి పాస్టరు ట్రంకుపెట్టె ముందు మోకరించాడు.

“కూర్చోమ్మా. పాదం ఇవ్వు.”

అక్కడక్కడా ‘అయ్యో’ అన్నారు. ఎవరో కళ్లు ఒత్తుకున్నారు. జాలిపడి దొంగను కూడా క్షమిస్తున్నాడు, ఎంత మంచివాడో అని ముందు బెంచీలో ఒకావిడ పక్కావిడతో అంది. అది వడ్రంగి చెవిన పడి ఒళ్లు మండింది. ఇలా ముగిస్తే ఇంతకంటే ఘోరం లేదు.

గంటమ్మ పెట్టె మీద కూర్చుంది. పాస్టరు చెయ్యి చాపేసరికి పాదం వెనక్కి లాక్కుంది.

“వద్దయ్యా. ముందు ఆ మాట చెప్పండి. తరవాత నీళ్లు.”

గట్టిగా అనలేదు. కానీ కెమెరావాడి మైకు దగ్గరగా ఉంది, చర్చి అంతా వినిపించింది. కార్యదర్శి చాపిన కాలు నేలమీద పెట్టి కుర్చీలోంచి లేచాడు.

పాస్టరు ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు, జాలి కూడా లేదు. పని పూర్తయ్యేదాకా కదలనని నిలబడ్డ మనిషి ఓపిక మాత్రమే ఉంది. అతను పళ్లెం కింద పెట్టాడు. మోకాళ్ల మీదే సంఘం వైపు తిరిగాడు.

“పలకలు నా బీరువాలో ఉన్నాయి,” అన్నాడు. తల ఎత్తి, ఈసారి చివరి బెంచీనుంచి మొదటి కుర్చీ దాకా వినబడేలా అన్నాడు. “ఈమె కాదు. మూడు రోజులు ఈమెను దొంగగా నిలబెట్టి నోరు మూసుకున్నవాణ్ణి, ఆ పేర్లు ఇక్కడ బిగించమని సంతకం పెట్టినవాణ్ణి, అడ్డుచెప్పే ధైర్యం చాలక దొంగచాటుగా ఊడదీసినవాణ్ణి నేనే. మీ పాస్టర్ని.”